వట్టి అంకె ఏం చెబుతుంది?

పిల్లలూ! హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డున వెళ్తుంటే చౌటుప్పల్ వస్తుంది. ఆ వూరు మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసే వుంటారు. అక్కడ భూమి అయస్కాంతశక్తిని రాత్రింబవళ్ళు కొలిచే వేధశాల ఒకటున్నదని ఎందరికి తెలుసు? అది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారిది. హైదరాబాదులో 1964 నుంచీ వారు ఇలాంటి కొలతలు తీస్తూ వచ్చారు. కాని నగరం పెరిగింది. మోటారుబండ్లూ, కరెంటు రైళ్ళూ, ఇనుప కట్టడాలూ అయస్కాంత పరికరాలను తికమక పెడతాయి. అందుకే సందడికి దూరంగా చౌటుప్పల్‌లో మరొక వేధశాల పెట్టారు.

మన ప్రాంతంలో ఈ శక్తి సుమారు 43 వేల నానోటెస్లాలు. ఒక్క రోజులోనే అది కొన్ని పదుల నానోటెస్లాలు హెచ్చుతుంది, తగ్గుతుంది. నిన్న ఉదయం 10 గంటలకు తీసిన కొలతను ఇవాళ మళ్ళీ తీయలేం గదా! కనక రాసి పెట్టుకున్నది సరిగా వుండాలి.

ఇలాంటి కొలత తీసే పరికరాన్ని సెన్సరు అంటారు. అది కంప్యూటరుకు పంపేది వట్టి అంకె. సెన్సరు మాట కంప్యూటరుకు తెలియదు, కనక మధ్యన ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పని చేసే ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. (లారీ నడిపే డ్రైవరు కాదు సుమా!)

కొందరు తాము రాసిన డ్రైవరును దాచుకోరు. "ఎవరైనా చదవండి, వాడుకోండి, తప్పుంటే దిద్దండి" అని అందరి ముందూ పెడతారు. దీనికి ఓపెన్ సోర్స్ అని పేరు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ ఇలా పెరిగినదే. అయితే రాసినవాడు ఏ దేశంలోనో వుంటాడు, వాడేవాడు చౌటుప్పల్ బడిలో వుండవచ్చు. పక్కన కూర్చుని "అయ్యా, ఈ అంకె ఏమిటి?" అని అడిగే వీలేదీ? అందుకని డ్రైవరుతోపాటు దాని వివరణ కూడా రాసి పెట్టాలి. చాలామంది ప్రోగ్రాము హుషారుగా రాస్తారు, వివరణ దగ్గరికి వచ్చేసరికి బద్ధకిస్తారు!

హెచ్‌ఎంసీ5883ఎల్ అని ఒక చిన్న అయస్కాంత సెన్సరు వుంది. చిటికెనవేలి గోరుకంటె చిన్నది. దానిని భూమి శక్తి వున్న దిక్కుకు సరిగ్గా తిప్పితే సుమారు 470 అంటుంది. దేనికి 470? మామూలు అమరికలో దానికి 1090 అంకె ఒక గాస్‌కు సమానం, ఒక గాస్ అంటే లక్ష నానోటెస్లాలు. లెక్క వేసి చూడండి, 43 వేలు వస్తుంది. ఈ 1090 సంగతి వివరణలో లేకపోతే 470 ఎందుకూ కొరగాదు. అంతేకాదు, ఒక్క అంకె మారాలంటే 92 నానోటెస్లాలు మారాలి. అంటే చౌటుప్పల్‌లో కొలిచే ఆ సన్నని మార్పులు దీనికి అందవన్నమాట. మంచి వివరణ ఈ సంగతి కూడా దాచదు.

దీనిలో ఇంకొక గమ్మత్తు. మూడు దిక్కుల కొలతలను ఇది ఎక్స్, వై, జెడ్ అని వరసగా ఇవ్వదు. ఎక్స్ తర్వాత జెడ్, ఆఖరున వై! తెలియనివాడు ఎక్స్, వై, జెడ్ అనుకుని దిక్సూచి చేస్తే, ఉత్తరం ఎటో చూపిస్తుంది. పైగా క్యూఎంసీ5883ఎల్ అని దీనిని పోలినది మరొకటి అమ్ముతారు. దాని వరస మామూలే. కనక ఈ డ్రైవరు దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో మొదటి వాక్యంలోనే రాయాలి. "కొలత నా శక్తికి మించింది" అనడానికి ఈ సెన్సరు -4096 అంటుంది. దానిని నిజం కొలత అనుకుని సరాసరి తీస్తే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఒక్క వుదాహరణ పది వాక్యాల పెట్టు. బీఎంపీ085 అనే గాలి ఒత్తిడి సెన్సరు తయారుచేసినవారు తమ పత్రంలో ఒక లెక్క మొత్తం చేసి చూపారు. సెన్సరు 27898 అంటే, వారిచ్చిన లెక్క ప్రకారం 150 వస్తుంది, అంటే 15.0 డిగ్రీలు. డ్రైవరు రాసినవారు అదే లెక్క వేసి సరిచూసుకోవచ్చు. ఇక లైనక్స్ సెన్సర్ల పద్ధతిలో వేడిమిని డిగ్రీలో వెయ్యో వంతులుగా లెక్కపెడతారు. అక్కడ అదే 15 డిగ్రీలు 15000 అవుతుంది. రెండూ ఒప్పే, ఏది ఎక్కడో రాసి వుంటే!

ప్రపంచంలోని అయస్కాంత వేధశాలలు కొలతలు ఇచ్చి పుచ్చుకోవడానికి ఐఏజీఏ-2002 అనే పద్ధతి వుంది. అందులో కొలతలకు పైన స్థలం పేరు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అన్నీ వుంటాయి. కొలత దొరకని నిమిషానికి 99999 అని రాస్తారు. సున్నా వేస్తే పోయేదానికి ఇదెందుకు అంటారా? మన చిన్న సెన్సరును తూర్పుకు తిప్పండి, ఇంచుమించు సున్నాయే చూపుతుంది. సున్నా కూడా నిజమైన కొలతే! ఏ గాలివానకో పది నిమిషాలు పరికరం ఆగిందనుకోండి. పదిసార్లు 99999 రాసి వుంటే, ఇరవై యేళ్ళ తర్వాత చదివేవారు ఆ పది నిమిషాలూ భూమి అయస్కాంతశక్తి మాయమైందని అనుకోరు.