ఎముకలను గోనెసంచిలో పోయకండి

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఏదో ఒక మూల నేల తవ్వని రోజు ఉండదు. రోడ్ల విస్తరణ, చెరువుల పూడికతీత, ఇళ్ళ పునాదులు, రుషికుల్య నదిలో ఇసుక. రెండు వేల ఏళ్ళకు పైగా జనం కాపురాలు చేసిన గడ్డ ఇది. జౌగడ కోటలో 1956-57లో పురావస్తు శాస్త్రవేత్త దేబలా మిత్ర తవ్వకాలు జరిపారు. పాలూరు రేవు పేరు టాలెమీ రాతల్లోకి ఎక్కింది. బతికిన వాళ్ళంతా ఈ మట్టిలోనే కలిశారు. రేపు జేసీబీ పంటికి ఒక పాత సమాధి తగిలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. జనం గుమిగూడతారు, ఫోన్లలో ఫొటోలు తీస్తారు, పోలీసులు వస్తారు, ఎముకలు గోనెసంచిలో ఆసుపత్రికి చేరతాయి. అలా జరగడానికి వీల్లేదు. పురాతన మానవ సమాధి బయటపడితే ఎవరు ఏం చేయాలో ఒడిశా ప్రభుత్వం స్పష్టమైన నియమావళి రాసి, బాధ్యులెవరో అందులోనే చెప్పి, ఆలస్యం లేకుండా విడుదల చేయాలి.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. వాటి చూపు వేరే చోట ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్ళు దాటిన సమాధి స్థలాన్ని ప్రాచీన కట్టడాల లెక్కలోకి తీసుకుంటుంది. లోపల ఉన్న మనిషిని ఎలా చూడాలో చెప్పదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువ చేసేది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. పూసకు ధర ఉంది, కంచు గాజుకు ధర ఉంది. పుర్రెకు ఎవరు ధర కడతారు? తెలుగు జిల్లాల్లో రాకాసి గుళ్ళని పిలిచే బృహత్‌శిలా సమాధులకు పట్టిన గతి ఇదే. గుప్త నిధుల కోసం బండలు పెకలించినవాళ్ళు కుండలు పగలగొట్టి, ఎముకలు పక్కన పారబోసి పోయారు.

గోనెసంచిలో పడ్డ క్షణాన పోయేదేమిటో చూడండి. ఒక్క హస్తంలోనే, వేళ్ళు, మణికట్టుతో కలిపి, 27 ఎముకలు ఉంటాయి. కుడిచేతివి, ఎడమచేతివి కలిసిపోతే విడదీయడానికి నిపుణుడికి కూడా రోజులు పడతాయి. పసిబిడ్డ ఎముకలైతే పుల్లల్లా ఉంటాయి, జల్లెడ పట్టకపోతే మట్టితోనే పోతాయి. తల ఏ దిక్కున పెట్టారు, కాళ్ళు ముడిచారా చాపారా, చేతి పక్కన కుండ ఉందా, ఇవన్నీ నేలలో ఉండగా కొలత కర్ర పెట్టి ఫొటో తీసి, పటం గీస్తేనే దక్కుతాయి. పొట్ట ఉన్న చోటి మట్టిని విడిగా తీస్తే ఆ మనిషి కడుపులోని పురుగుల గుడ్లు కూడా దొరకవచ్చు. మన ఎర్రమట్టి, తేమ ఎముకను తినేస్తాయి కాబట్టి మిగిలిన కాస్తనూ వట్టి చేతులతో పట్టుకోకూడదు, నీళ్ళతో కడగకూడదు, గట్టిపడాలని జిగురు పూయకూడదు. డీఎన్‌ఏ ఎక్కువగా నిలిచేది చెవి లోపలి గట్టి ఎముకలో. హర్యానాలోని రాఖీగఢీ పరిశోధకులు 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చే డీఎన్‌ఏ ఒక్కదానిలోనే దొరికింది. ఆ ఫలితం 2019లో అచ్చయింది. ఆ ఒక్కటీ ఎవరి నిర్లక్ష్యానికో బలై ఉంటే?

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. రుషికుల్య ఒడ్డున నాలుగు అస్థిపంజరాలు ఒకే చోట కనిపిస్తే సాయంత్రానికల్లా కళింగ యుద్ధ వీరులని ప్రచారం మొదలవుతుంది. నిజానికి కళింగంలో లక్ష మంది హతమయ్యారని అశోకుడు చెప్పుకున్న 13వ శాసనాన్ని జౌగడ బండ మీద చెక్కించనే లేదు. దాని బదులు అక్కడ అధికారులకు ప్రత్యేకంగా ఇచ్చిన ఆజ్ఞలున్నాయి. కాలనిర్ణయం జరగకముందే ఎముకలకు జాతినీ, వీరత్వాన్నీ అంటగట్టడం చనిపోయినవాళ్ళకు చేసే అపచారం. పరీక్షలు పూర్తయ్యేదాకా ఏ అధికారీ అలాంటి ప్రకటన చేయరాదని నియమావళిలో ఉండాలి.

అంగీకారం మాట మరీ ముఖ్యం. 1992 దాకా గంజాంలో భాగమైన నేటి గజపతి జిల్లాలో సవరలు తమ పెద్దలు పోతే ఇప్పటికీ నిలువు రాళ్ళు పాతుతారు. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ భారీ క్రేన్లు పెట్టి పైబండ ఎత్తించిన సమాధి ఎవరిదో చెప్పే వారసులు లేరు. గజపతి జిల్లా పర్లాకిమిడి కొండల్లోని సవర రాయికి మాత్రం ఉన్నారు. అది పురావస్తువు కాదు, ఎవరి ఇంట్లోనో తాత. అక్కడ పార పెట్టాలంటే ముందు ఆ ఊరి పెద్దలు సరేననాలి. దక్షిణ డకోటాలో 1989లో ప్రపంచ పురావస్తు మహాసభ ఆమోదించిన వెర్మిలియన్ ఒప్పందం కూడా స్థానిక సమాజం కోరికనూ, శాస్త్ర ప్రయోజనాన్నీ పక్కపక్కన పెట్టి, మాట్లాడుకుని తేల్చుకోమంది. అడగకుండా పట్టుకుపోతే ఏమవుతుందో నాగాలను చూస్తే తెలుస్తుంది. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక వేలం సంస్థ నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ ముఖ్యమంత్రి విదేశాంగ మంత్రికి రాసి, జనం గొంతెత్తితే గాని వెనక్కి తీసుకోలేదు.

ఇన్ని నియమాలు పెడితే పనులు ఆగిపోతాయనేవారు ఉంటారు. ఆగాల్సింది ఆ ఒక్క గుంట దగ్గర, కొద్ది రోజులు. ఎముకలు తిరిగి పూడ్చేస్తే పరిశోధన పోతుందనే భయానికీ జవాబుంది. చదవడానికి గడువు పెట్టండి, నివేదిక అచ్చు వేయండి, ఆ తర్వాత ఏం చేయాలన్నది సంబంధిత జనంతో కూర్చుని తేల్చండి. ఏళ్ళ తరబడి గోదాములో పేరు లేని పెట్టెలో పడి ఉండడం పరిశోధన కాదు. అద్దాల పెట్టెలో ప్రదర్శన అన్నది తప్పనిసరైతేనే.

సిబ్బంది లేరన్న సాకు బరంపురంలో చెల్లదు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం తెలిసిన వైద్యులున్నారు. ఎముక నిన్నటిదా, పాతదా అన్నది పోలీసులకు మొదట చెప్పాల్సింది వాళ్ళే. భంజ బిహార్‌లోని విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగం ఉంది. డీఎన్‌ఏ పనికి హైదరాబాద్ సీసీఎంబీ ఉంది. వీళ్ళను ఒక తాటి మీదికి తెచ్చే ఉత్తర్వు ఛత్రపురం కలెక్టరేట్ నుంచి ఈ ఏడాదిలోనే రావచ్చు, భువనేశ్వర్ నియమావళి కోసం ఆగనక్కర్లేదు. ఆ ఉత్తర్వు ఒడియాలో, తెలుగులో, సవరలో అచ్చయి ప్రతి పోలీసు స్టేషనుకూ, ప్రతి కాంట్రాక్టరుకూ పని ఒప్పందంతో పాటే చేరాలి. గిడుగు రామమూర్తి 1931లోనే సవర భాషకు వ్యాకరణం రాసి పెట్టారు. ఆ భాషలో రెండు పేజీలు అచ్చు వేయడానికి ప్రభుత్వానికి అడ్డేమీ లేదు.