నది అందరిదే, మరి రేవు ఎవరిది?

నదీజలాల పంపకంపై దేశంలో జరిగినంత చర్చ నదిని చేరుకొనే దారిపై జరగలేదు. ఏ రాష్ట్రానికి ఎన్ని టి.ఎం.సి.ల నీరు దక్కాలో తేల్చడానికి ట్రిబ్యునళ్లు ఉన్నాయి. ఒడ్డున నివసించే పల్లెకారుడు, పడవవాడు, తెడ్డు పట్టే యువకుడు నీటి దగ్గరకు వెళ్లే బాటను ఎవరైనా కంచె వేసి మూసివేస్తే, అతడు ఏ తలుపు తట్టాలన్నది మాత్రం నేటికీ స్పష్టం కాని విషయం. నది ప్రభుత్వానిదనీ, ప్రజలదనీ అందరూ అంగీకరిస్తారు. అయితే నదిలో దిగాలంటే ముందు ఒడ్డు దాటాలి. వివాదమంతా ఆ ఒడ్డు దగ్గరే మొదలవుతోంది.

ఈ అంశంలో కేరళ అనుభవం పరిశీలించదగినది. కుట్టనాడు ప్రాంతంలో పడవల క్లబ్బులు గ్రామజీవితంలో విడదీయరాని భాగం. 1952 డిసెంబరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అలప్పుళకు వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం జరిగిన పందెమే తరువాత నెహ్రూ ట్రోఫీగా స్థిరపడింది. పున్నమడ కాయల్‌లో సాగే ఈ పందెంలో వంద అడుగులకు మించిన పొడవు గల చుండన్ వల్లాలను నూరుమందికి పైగా యువకులు ఒకే లయలో నడుపుతారు. సాధారణంగా పడవకు యజమాని ఒక ‘కర’, అంటే ఒక గ్రామ సమాజం. దానిని పందెంలో నడిపేది మరొక బోట్ క్లబ్బు. గ్రామస్థులు చందాలు వేసుకొని పడవను చేయించుకుంటారు, మరమ్మతులు చేయించుకుంటారు. 2024లో పల్లాతురుతి బోట్ క్లబ్బు నడిపిన కారిచాల్ వల్లం సెకనులో వెయ్యింట అయిదు వంతుల తేడాతో గెలిచింది. పోటీ ఎంత తీవ్రంగా ఉంటుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

పందెం ఒక్క రోజుది. దాని వెనుక వారాల తరబడి సాధన ఉంటుంది. అందుకు నిడివైన, అడ్డంకులు లేని నీటిదారి కావాలి. పడవను నీటిలోకి దింపడానికి రేవు కావాలి. గుర్రపుడెక్క పేరుకుపోయినా, హౌస్‌బోట్లు వరుస కట్టి నిలిచినా, ఎవరో గట్టు కట్టి కాలువను ఇరుకు చేసినా మొదట కనిపెట్టేది ఈ తెడ్డువాళ్లే. రెవెన్యూ కార్యాలయానికి ఫిర్యాదు చేరకముందే వారికి సంగతి తెలుస్తుంది. నదిని నిత్యం వాడేవాడే నదికి మొదటి కాపలాదారు అన్న సత్యం ఇక్కడ రుజువవుతోంది.

దేశంలో పడవల క్లబ్బులన్నీ ఈ తరహావి కావు. కలకత్తా రోయింగ్ క్లబ్బు 1858లో, మద్రాసు బోట్ క్లబ్బు 1867లో వెలిశాయి. అవి ఆనాటి దొరల విహారానికి ఏర్పడినవి. సభ్యత్వం ఉన్నవారికే గేటు తెరుచుకొనేది. మద్రాసు క్లబ్బు ఒడ్డునే పారే అడయారు నది తరువాతి కాలంలో నగర మురుగుతో నిండిపోయింది. ఒడ్డు కొందరిదే అయినప్పుడు నీటి బాగోగులు పట్టించుకొనేవారు కూడా కొందరే మిగులుతారన్నది దీనినుంచి తీసుకోవలసిన పాఠం.

సుప్రీంకోర్టు చెప్పిన ధర్మకర్తృత్వం

న్యాయపరంగా ప్రజల పక్షాన బలమైన ఆధారమే ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున నిర్మించిన ఒక మోటెల్‌ను వరద నుంచి కాపాడుకొనేందుకు యంత్రాలతో నదీ ప్రవాహాన్నే మళ్లించారు. ఈ ఉదంతంపై ‘ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్’ కేసులో 1996 డిసెంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నదులు, అడవులు, సముద్రతీరాలు వంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేననీ ప్రకటించింది. మోటెల్‌కు ఇచ్చిన 27 బిఘాల 12 బిస్వాల భూమి లీజును రద్దు చేసింది.

ఈ సిద్ధాంతానికి మూలం ప్రాచీన రోమన్ న్యాయంలో ఉంది. ఒడ్డు మీది నేల పక్క రైతుదే అయినా, అక్కడ పడవ కట్టుకొనే హక్కు, సరుకు దింపుకొనే హక్కు అందరిదీ అని ఆ న్యాయం చెప్పింది. భూమిపై యాజమాన్యం వేరు, ఒడ్డు వాడకం వేరు అన్న ఈ సూక్ష్మ భేదాన్ని ఆధునిక పాలనా యంత్రాంగం తరచు విస్మరిస్తోంది. పట్టా ఉంటే కంచె వేయవచ్చునన్న భావమే వాడుకలో చెల్లుతోంది.

జమీందారీ నుంచి కాంట్రాక్టు దాకా

నదిపై ప్రైవేటు పెత్తనం కొత్తది కాదు. బీహార్‌లోని భాగల్పూర్ ప్రాంతంలో సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతీ వరకు సుమారు 80 కిలోమీటర్ల గంగానదిపై మొగలాయీల కాలం నుంచి ‘పానీదారీ’ నడిచింది. నేలపై జమీందారీ రద్దయినా నీటిపై మాత్రం పోలేదు. వల వేయాలన్నా, పడవ నడపాలన్నా జాలర్లు పన్ను చెల్లించవలసి వచ్చేది. 1982లో కహల్‌గావ్‌లో ఆరంభమైన గంగా ముక్తి ఆందోళన దీనిని సవాలు చేసింది. దాదాపు దశాబ్దం పాటు సాగిన అహింసాయుత పోరాటం ఫలితంగా 1991లో ఈ హక్కులు రద్దయ్యాయి. ఆ విజయం న్యాయస్థానంలో కంటే ముందు పడవల మీదే సాధ్యమైంది.

దశాబ్దం తిరగకుండానే అదే ధోరణి ఆధునిక వేషంలో తిరిగి వచ్చింది. 1998లో దుర్గ్ సమీపంలోని బోరాయి పారిశ్రామిక కేంద్రానికి నీరు సరఫరా చేసేందుకు శివ్‌నాథ్ నదిపై ఒక ప్రైవేటు సంస్థతో 22 ఏళ్ల ఒప్పందం కుదిరింది. నీరు వాడినా వాడకపోయినా నిర్ణీత పరిమాణానికి సొమ్ము చెల్లించాలన్న షరతు అందులో చేరింది. దాదాపు 23 కిలోమీటర్ల మేర తీరగ్రామాల వారు స్నానానికి, చేపల వేటకు, సాగునీటికి ఆంక్షలు ఎదుర్కొన్నారు. ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రభుత్వ పద్దుల సంఘం 2007లో ఒప్పందాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది. నీటి సరఫరాకు చేసుకొన్న కాంట్రాక్టు ఆచరణలో నదిపై పెత్తనంగా మారడం ఇక్కడ గమనార్హం.

వెంబనాడు సరస్సులోని నెడియతురుత్తు దీవి ఉదంతం ఇదే కథకు మరో అధ్యాయం. తీరప్రాంత నిబంధనలకు విరుద్ధంగా అక్కడ నిర్మించిన విలాస విల్లాలను తొలగించాలన్న కేరళ హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఖరారు చేసింది. కూల్చివేత 2022 సెప్టెంబరులో గాని మొదలు కాలేదు. 2002లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సుకే ఈ గతి పడితే, పేరులేని వాగుల సంగతి చెప్పనక్కరలేదు.

రాజ్యాంగంలో తెడ్డు స్థానం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలును పరిశీలిస్తే ఒక ఆసక్తికరమైన అంశం బయటపడుతుంది. జాతీయ జలమార్గాలపై కేంద్రానికి దఖలైన నౌకాయాన అధికారం ‘యంత్రశక్తితో నడిచే’ నావలకు సంబంధించినది. ఉమ్మడి జాబితాలోని దేశీయ జలమార్గాల పద్దు కూడా అటువంటిదే. తెడ్డుతో, గడతో నడిచే పడవ మిగిలింది రాష్ట్రాల పరిధిలోనే. 2016 నాటి చట్టంతో జాతీయ జలమార్గాల సంఖ్య 111కు చేరింది. సరుకు రవాణా నౌకలకు లోతైన దారి కోసం ప్రణాళికలు తయారవుతున్నాయి. ఆ దారి పక్కనే చిన్న పడవకు చోటు కల్పించే పూచీ రాష్ట్రాలదే. 2021 నాటి దేశీయ నౌకల చట్టం యంత్రం లేని నావలకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. అయితే నమోదు, భద్రత గురించి చెప్పినంత వివరంగా పడవను నీటిలోకి దింపే రేవు గురించి ఆలోచన సాగలేదు.

రక్షణ పేరిట నిషేధమా?

అందరికీ ప్రవేశం కల్పిస్తే నది పాడవుతుందన్న వాదన ఉంది. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. రిషీకేశ్ ఎగువన గంగ ఒడ్డున శిబిరాలు లెక్కకు మిక్కిలిగా పెరగడంతో 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా - రిషీకేశ్ మధ్య వాటిని నిషేధించింది. తగిన నిబంధనలు రూపొందించేదాకా రాఫ్టింగ్‌ను ఆపివేయాలని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించింది. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పర్యాటక బోటు దుర్ఘటన భద్రతా నియమాలను గాలికి వదిలేస్తే ఏమవుతుందో విషాదకరంగా చాటింది.

కాని ఈ ఉదంతాలు మూడూ వ్యాపార విహారానికి సంబంధించినవి. వ్యాపారాన్ని నియంత్రించవలసిన చోట నివాసులను వెళ్లగొట్టడం వేరొక అన్యాయానికి దారి తీస్తుంది. మణిపూర్‌లో 2006 నాటి లోక్‌తక్ సరస్సు పరిరక్షణ చట్టం ఆసరాగా 2011 నవంబరులో తేలియాడే గడ్డిదిబ్బలపై జాలర్లు వేసుకొన్న గుడిసెలను అధికారులు తగులబెట్టించారు. పరిరక్షణ లక్ష్యం మంచిదే. దాని భారం మాత్రం సరస్సుపైనే ఆధారపడి బ్రతికే నిరుపేదలపై పడింది. లైఫ్‌జాకెట్టు తప్పనిసరి చేయడానికీ, ఒడ్డుకు తాళం వేయడానికీ గల తేడాను పాలకులు గుర్తించాలి.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ మరో మార్గాన్ని అనుసరించింది. అక్కడి హైకోర్టు 2019లో తురాగ్ నదిని చట్టబద్ధమైన వ్యక్తిత్వం గల సజీవ సత్తగా ప్రకటించి, 2013 చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ నదీ పరిరక్షణ కమిషన్‌ను నదులకు సంరక్షకునిగా నియమించింది. అదే ఏడాది ఢాకా చుట్టూ నదీ తీరాలలో ఆక్రమణల తొలగింపు ముమ్మరంగా సాగింది. ‘నౌకా బాయిచ్’ పడవ పందేలు పల్లెపండుగలుగా నిలిచిన ఆ దేశంలో నది హక్కుకూ, నదిని వాడే మనిషి హక్కుకూ పొంతన కుదర్చడం ఇంకా మిగిలి ఉన్న పని.

గోదావరి, కృష్ణా తీరాలలో

తెలుగు ప్రాంతానికి ఈ చర్చ పరాయిది కాదు. నదీ పరిరక్షణకు కోస్తా జిల్లాలలో వర్తించే ప్రత్యేక చట్టం 1884 నాటిది. అయినా కృష్ణా కరకట్ట లోపలి కట్టడాలపై 2019లో రాజకీయ దుమారం రేగింది. వాగ్వాదమంతా ఎవరి భవనం చట్టబద్ధం, ఎవరిది కాదన్న దానిపైనే తిరిగింది. ఆ భవనాల మధ్య సామాన్యుడికి నీటి దాకా బాట మిగిలిందా అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. గోదావరి లంకలలో నేటికీ పడవ దాటితేగాని బడికి, ఆసుపత్రికి చేరలేని ఊళ్లున్నాయి. రేవు వేలంపాటను ప్రభుత్వాలు ఆదాయ వనరుగా చూస్తున్నాయే తప్ప, ప్రజల హక్కుకు సంబంధించిన అంశంగా చూడడం లేదు. కాకినాడ - పుదుచ్చేరి జలమార్గంలో భాగంగా గోదావరి, కృష్ణా నదుల కొంత నిడివిని 2008లోనే జాతీయ జలమార్గంగా ప్రకటించిన దృష్ట్యా ఈ రేవుల సంగతి ఇప్పుడే తేల్చుకోవడం అవసరం.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. వాడుకలో ఉన్న ప్రతి రేవునూ, దానికి చేరే బాటనూ గ్రామ రెవెన్యూ రికార్డులలో పేరుతో సహా నమోదు చేయాలి. ఒడ్డు భూములను లీజుకిచ్చినప్పుడు ప్రజల బాటకు మినహాయింపు ఒప్పందంలోనే రాయాలి. సరిహద్దు రాళ్లు వేసే సంఘాలలో అధికారులతోపాటు జాలర్ల సహకార సంఘాలకు, పడవవాళ్లకు, క్లబ్బులకు స్థానం ఉండాలి. వీటికి కొత్త చట్టం కోసం కాచుకొని కూర్చోనక్కరలేదు. కలెక్టర్ల అధికారాలు, పంచాయతీల తీర్మానాలు చాలావరకు సరిపోతాయి.

న్యాయస్థానం ధర్మకర్తృత్వాన్ని ప్రకటించగలదు కాని ప్రతి రేవు దగ్గరా కాపలా కాయలేదు. ఆ పని నిత్యం నీటిలో దిగేవాళ్లే చేయగలరు. కుట్టనాడు గ్రామాలు చందాలు పోగుచేసి పడవను కాపాడుకొంటున్నాయి, పడవ కోసం నీటిదారిని కాపాడుకొంటున్నాయి. తెడ్డు వేసేవాడు లేని నదిపై కంచె వేయడం సులభం. అడిగేవాడున్న ఒడ్డు మీద కంచె నిలవడం కష్టం.