అద్దాల మేడలు – బొగ్గుపొగ

మంగళగిరి రూపు మారుచున్నది. జాతీయ రహదారి పొడవునను, ఆటోనగరులోను బహుళాంతస్తుల కార్యాలయ భవనములు లేచినవి, ఇంకను లేచుచున్నవి. ప్రక్కనే అమరావతిలో 2025 మే నెలలో పునఃప్రారంభమైన రాజధాని నిర్మాణము గలదు. చదువుకొన్న మన బిడ్డలు దూరదేశములు పట్టిపోక ఊరిలోనే కొలువు సంపాదించుకొందురేని అంతకంటె సంతోషకరమేమున్నది? ఈ భవనములు రావలసినవే. అవి ఎట్టివిగా రావలెననునదే మన యెదుటనున్న ప్రశ్న.

ఒక వేసవి మధ్యాహ్నము వ్యవహారముపై మేమొక కార్యాలయమునకు పోయితిమి. పడమటి గోడ నిలువెల్ల అద్దము. ఎండకు తాళలేక దానికి తెరలు దింపియుండిరి. తెరలవలన చీకటి కమ్మగా పట్టపగలు దీపములన్నియు వెలిగించిరి. అద్దము గుండ జొరబడిన వేడికిని, దీపముల వేడికిని విరుగుడుగా ఏసీ యంత్రములు హోరెత్తుచుండెను. లోపల గుమాస్తాలు శాలువలు కప్పుకొని పని చేయుచుండిరి. వెలుపలికి రాగానే ఆ యంత్రములు కక్కిన సెగ, వీథిలో బండిపై పండ్లమ్ముకొను ముసలమ్మ ముఖమున కొట్టుచుండెను. లోపలివారి చలువకు ఆమె సుంకము చెల్లించుచున్నది.

ఆ సుంకము వీథితో ముగియదు. కృష్ణకు ఆవలి యొడ్డున ఇబ్రహీంపట్నములో 1979 నుండి బొగ్గు మండుచున్నది. మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నది. సూర్యవిద్యుత్తు, జలవిద్యుత్తు కలిపి చూచినను, ఒక్క యూనిటుకు సరాసరిని సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకెక్కుచున్నది. నెలకు లక్ష యూనిట్లు వాడు భవనము నెలకు 70 టన్నుల వాయువును వదలుచున్నదన్నమాట. గుమ్మమున పొగగొట్టము లేదు గనుక ఆ భవనము నిర్మలముగా కనిపించును. ఆ వాయువు భూమి వేడిని పెంచును; వేడి పెరిగినకొలది ఏసీలు పెరుగును; ఏసీలు పెరిగినకొలది బొగ్గు మండును. 2015 వేసవిలో మన రాష్ట్రమున వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో పొలములలోను రోడ్లపైనను కూలి చేసికొనువారెందరో యుండిరి. అద్దాల మేడలలో చల్లగా కూర్చుండువారు ఈ సంగతి మరువరాదు.

శాసనము లేక ఈ దుస్థితి కలిగినదా యన్నచో, శాసనమున్నది. ఇంధన పొదుపు చట్టము 2001లో వచ్చినది. వాణిజ్య భవనములకు గోడ, కప్పు, కిటికీ, దీపము, శీతల యంత్రము ఎట్లుండవలెనో చెప్పు నియమావళి 2007లో వెలువడినది. చట్టములోని 15వ సెక్షను, ఆ నియమావళిని స్థానిక శీతోష్ణములకు తగినట్లు సవరించుకొను అధికారమును రాష్ట్రములకిచ్చినది. మన రాష్ట్రము 2014లోనే దానిని స్వీకరించినది. 2022 సవరణచే చట్టము మరింత విస్తరించినది. ఇన్ని యున్నను నిలువు అద్దపు గోడలు లేచుచునే యున్నవి. కాగితముపై నియమము, నేలపై కట్టడము వేర్వేరు దారులు పట్టినప్పుడు ఎన్ని సవరణలు తెచ్చి ప్రయోజనమేమి?

దీనికి మూలము వెదకిన, అది బేరములో కనబడును. భవనము కట్టువాడొకడు, విద్యుత్తు బిల్లు కట్టువాడింకొకడు. ఎండ మరల్చు చూరునకు, వేడి నాపు కప్పునకు యజమాని నేడు వెచ్చించవలెను. దాని లాభము మాత్రము అద్దెకున్నవానికి నెలనెలయు చేరును. కావున యజమాని వెచ్చింపడు, అద్దెదారుడడుగడు. ఇందు న్యాయవాదులమైన మా దోషమును గలదు. అద్దె దస్తావేజులెన్నో వ్రాసితిమి. సున్నము వేయుట ఎవరి వంతు, బోర్డు కట్టుట ఎవరి హక్కు అను షరతులు మరువక వ్రాసితిమి. భవనము ఎంత విద్యుత్తు త్రాగునో యజమాని ముందుగా తెలుపవలెనను ఒక్క వాక్యమును ఏ దస్తావేజులోను చేర్చమైతిమి.

ఇట్టి పొదుపు మన దేశమున సాధ్యము కాదనువారు హైదరాబాదు చూచి రావలెను. అచ్చట సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు భవనమును 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించిరి. అట్టి భవనములకిచ్చు లీడ్ ప్లాటినం యోగ్యతను అమెరికా వెలుపల మొదట పొందినది అదియే. పోచారములో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో ఇంకను మేలైన పరీక్ష చేసినది. ఒకే భవనమును రెండు సమభాగములు చేసి, ఒకదానిని గాలితో చల్లబరచు మామూలు ఏసీకి విడిచిరి; రెండవదాని కాంక్రీటు కప్పులో గొట్టములు పొదిగి వానిలో చల్లని నీరు పారించిరి. రెండేండ్ల లెక్కలు చూడగా, చల్లదనమునకు రెండవ భాగము వాడిన విద్యుత్తు మొదటి దానికంటె సుమారు మూడవవంతు తక్కువ. నిర్మాణవ్యయము అందువలన పెరుగలేదు. అమరావతి ప్రభుత్వ భవనములకు ఒకేచోట నీటిని చల్లబరచి గొట్టములద్వారా పంపు ఏర్పాటునకు 2019లో ఒప్పందము జరిగినది. పిమ్మట రాజధాని పనులే నిలిచిపోయినవి. గుజరాతులోని గిఫ్ట్ నగరమున అట్టి పద్ధతి నడచుచునే యున్నది. ఆ యోచనను మనము వదలుకొనరాదు.

మన ఊరి పెద్దలు ఎండను ఎరిగి కట్టినవారు. సాలెవారు గుంటమగ్గములో కూర్చుండి నేయుచు, నేలలోని తేమను నూలు తెగకుండ కాపాడుటకు వాడుకొనిరి. మండువా లోగిలి వెలుతురును గాలిని లోనికి పిలిచి, ఎండను వసారాచూరుకడనే నిలిపినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807–09 మధ్య కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురము, ఎత్తైన కట్టడమునకు అద్దమే అలంకారము కానక్కరలేదని నేటికిని చాటుచున్నది. అందరును పెంకుటిండ్లకు మరలవలెనని మా వాదము కాదు. పడమట కిటికీ తగ్గించుట, ఉన్న కిటికీకి చూరు దింపుట, కప్పుకు తెల్లపూత వేయుట, ఉత్తరపు వెలుతురు వాడుకొనుట ఇంజనీర్లకు చేతకాని పనులు కావు.

కట్టిన భవనములలోను చేయదగినది గలదు. ఏసీని ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. స్టారు గుర్తుగల గది ఏసీలు 2020 జనవరి నుండి 24 డిగ్రీలకు అమర్చియే అంగడికి రావలెనని నియమమున్నది. దానిని 18కి దింపి శాలువ కప్పుకొనుట మన చేతలే. ఖాళీ గదిలో దీపమార్పుట, యంత్రములను శుభ్రపరచుట, మేడపై సూర్యఫలకములు పరచుట వెంటనే చేయదగిన పనులు.

అయితే అసలు గడియ నక్షా మంజూరగు గడియ. కట్టిన పిదప గోడను త్రిప్పలేము. నేడు చేసిన తప్పు యాబదియేండ్లు బొగ్గు త్రాగును. కావున మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థవారును, రాజధాని అభివృద్ధి సంస్థవారును నియమావళికి లోబడిన నక్షాలను మాత్రమే మంజూరు చేయవలెను. కట్టడము ముగిసిన పిదప దానిని పరీక్షించిన తరువాతనే ప్రవేశానుమతి నీయవలెను. ప్రతి పెద్ద భవనము తన సాలు విద్యుత్తు ఖర్చును గుమ్మమున ప్రకటించునట్లు చేయవలెను. ప్రభుత్వము ముందుగా తన భవనములలో ఈ నియమములను పాటించి చూపవలెను. పౌరులు 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద, తమ వీథిలోని క్రొత్త భవనమునకు ఈ పరీక్ష జరిగినదా యని అడుగవచ్చును. పఠనమందిరమున ఈ పత్రిక చదువు పదుగురు పది అర్జీలు పెట్టిన, అధికారులు కదలకపోరు. తోడి న్యాయవాదులకు మా మనవి ఒక్కటే: ఇకమీదట వ్రాయు అద్దె దస్తావేజులో ఆ మరచిన వాక్యమును చేర్పుడు. మేము వ్రాయబోవు మొదటి దస్తావేజులోనే దానిని చేర్చెదము.