ఒప్పందం ముందు, రన్‌వే తర్వాత

వరంగల్ దగ్గరి మామునూరులో ప్రయాణికుల విమానం దిగి నలభై ఏళ్లు దాటింది. నిజాం కాలంలో 1930లో, 1,875 ఎకరాల్లో ఏర్పడిన ఆ విమానాశ్రయం 1981 దాకా పనిచేసింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వ విమానాలకు తలదాచుకునే చోటు కూడా అయింది. మూతపడ్డాక పట్టించుకున్నవారు లేరు. భూమి తరుగుతూ తరుగుతూ చివరికి 696 ఎకరాలు మిగిలింది. అంత భూమి చేజార్చుకున్న ప్రభుత్వాలే ఇప్పుడు నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతుల దగ్గర మరో 253 ఎకరాలు అడుగుతున్నాయి. వరంగల్‌కు విమానాశ్రయం కావాలి, అందులో సందేహం లేదు. కానీ భూమి చేజారే ఈ నష్టం మరోసారి జరగకూడదు.

హైదరాబాద్‌లోని శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఏళ్ల తరబడి అడ్డుపడింది. అది తొలగి, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. రన్‌వేను పెద్ద విమానాలు దిగేలా పొడిగిస్తారు. మరి ఆ రన్‌వే మీద ఎవరి మాట చెల్లుతుంది? ఇది ఇప్పుడే తేల్చుకోవాలి. ఎందుకంటే ఆదిలాబాద్‌లోని తమ ఎయిర్‌ఫీల్డ్‌ నుంచి పౌర విమానాలు నడపడానికి వైమానిక దళం 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. అంటే సైన్యం, పౌరులు ఒకే రన్‌వేను పంచుకునే పద్ధతి ఆదిలాబాద్‌లో మొదలవుతోంది. రేపు మామునూరుకూ ఆ ప్రతిపాదన రావచ్చు.

వస్తే కాదనకూడదు. 2023 జూలై వరదల్లో మోరంచవాగు ఊళ్లను ముంచెత్తిన రోజున భూపాలపల్లి జిల్లాలో చిక్కుకున్నవారిని కాపాడటానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అలాంటి హెలికాప్టర్లు మామునూరులోనే సిద్ధంగా ఉంటే ఎంత సమయం కలిసివచ్చేదో ఆ ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు. గోదావరి తీరానికి, ఏజెన్సీ ప్రాంతానికి దగ్గరగా రక్షణ దళాలకు ఒక స్థావరం ఉండటం మేలే.

అయితే విశాఖపట్నం అనుభవాన్ని మరవొద్దు. అక్కడ రన్‌వే నౌకాదళానిది, వారి ఐఎన్‌ఎస్ డేగా స్థావరానిది. విమానాలను దించేదీ, ఎగరనిచ్చేదీ నౌకాదళం కంట్రోల్ టవరే. శిక్షణ వేళల్లో ప్రయాణికుల విమానాలు ఆగాల్సిందే. దేశ రక్షణకు అది అవసరం కాబట్టి నౌకాదళాన్ని తప్పుపట్టలేం. కానీ ఎదుగుతున్న నగరానికి మిగిలిన వేళలు చాలలేదు. చివరికి భోగాపురంలో రెండు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకుని కొత్త విమానాశ్రయం కట్టాల్సి వచ్చింది. అందులో చాలా భూమి రైతులదే.

అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం. మామునూరు పౌర విమానాశ్రయంగానే ఉండాలి. రన్‌వే, టవర్ పౌర విమానయాన శాఖ చేతుల్లో ఉండాలి. సైన్యం వాడుకుంటే ఏ వేళల్లో, ఎన్ని గంటలు, ఎంత స్థలంలో అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. వరద, యుద్ధం, వైద్య అత్యవసరం వస్తే సైన్యానికే మొదటి హక్కు. మామూలు రోజుల్లో శిక్షణ కోసం ప్రయాణికుల వేళలు మార్చకూడదు. మిగిలిన భూమిలో ఒక్క గుంట కూడా వేరే అవసరానికి మళ్లించబోమన్న షరతు అదే ఒప్పందంలో ఉండాలి. మామునూరు 1,875 ఎకరాల నుంచి 696 ఎకరాలకు పడిపోయింది అలాంటి షరతు లేకనే.

ఇంకో మాట. భూమి ఇచ్చే రైతుకు పరిహారం పూర్తిగా ముట్టాకే ఆ పొలంలో యంత్రం దిగాలి. విమానాశ్రయం గోడ వల్ల దారి మూసుకుపోయే ఊళ్లకు, ఆ గోడ లేచేలోగానే బస్సు తిరిగే రోడ్డు వేయాలి. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర పౌర విమానయాన శాఖ, రక్షణ శాఖ కూర్చుని ఒప్పందం రాసి, దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. రన్‌వే టెండరు పిలవడం ఆ తర్వాతే.