పన్నెండు నిమిషాల టోర్నమెంటు

పోయిన ఏడాది మా లేఅవుట్ పికిల్‌బాల్ టోర్నమెంటులో మా అమ్మ ఆడింది సరిగ్గా పన్నెండు నిమిషాలు. స్కోరు రాసింది నేనే కాబట్టి లెక్క తప్పు కాదు. ఆ రోజు నాలుగున్నరకే లేచి, ఇంట్లో అందరికీ చిత్రాన్నం కలిపి పెట్టి, అవ్వ మాత్రలు విడిగా తీసిపెట్టి, కొత్త బూట్లు వేసుకుని ఎనిమిదికల్లా కోర్టు దగ్గర ఉంది. తొమ్మిదిన్నరకి పేర్లు పిలిచారు. తొమ్మిదీ నలభై రెండుకి అయిపోయింది. 11-3. అవతలి ఇద్దరూ కాలేజీ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆడినవాళ్లు. అమ్మ బూట్లకి దుమ్ము కూడా అంటలేదు.

కాసేపటికి కమిటీ అంకుల్ ఒకాయన వచ్చి, "మీది అయిపోయింది కదమ్మా, కాస్త కాఫీ టేబుల్ చూసుకుంటారా?" అన్నారు. అమ్మ సాయంత్రం నాలుగు దాకా కాఫీ పోసింది. ఇంటికొస్తే మా అవ్వ గెలిచావా ఓడావా అని అడగలేదు. "ఏమ్మే, పొద్దన్నించీ ఆడతానే ఉండావా?" అంది. అమ్మ "ఊఁ" అనేసి స్నానానికి వెళ్లిపోయింది.

అమ్మ ఓడిపోయిందని నేను ఇది రాయడం లేదు. ఆ రోజు ఆవిడ ఓడిపోవాల్సిందే, అవతలివాళ్లు బాగా ఆడారు. నా గొడవంతా నాకౌట్ పద్ధతితో.

మన డిపార్ట్‌మెంట్‌లో ఈ ఆట పేరు విననివాళ్లు ఉంటారు కాబట్టి కొంచెం చెప్తాను. పికిల్ అన్నారని ఊరగాయకీ దీనికీ ఏం సంబంధం లేదు (మా అవ్వ మొదట అదే అనుకుంది, ముళబాగిలు నుంచి మామిడికాయలు తెప్పించమంటారా అని అడిగింది). 1965లో అమెరికాలో, సియాటిల్ దగ్గరున్న బైన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయనా ఆయన స్నేహితులూ మొదలుపెట్టిన ఆట. సెలవుల్లో ఇంట్లో అందరికీ తోచడం లేదు, పెరట్లో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది, కానీ ఆడే సామాను సరిగ్గా లేదు. చేతికి దొరికిన టేబుల్ టెన్నిస్ బ్యాట్లతో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో ఆడారు. అంటే పుట్టడమే పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఆడుకోవడానికి పుట్టింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కమిటీవాళ్లతో వాదించేటప్పుడు నాకు బాగా పనికొచ్చింది.

కోర్టు కొలత బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే, 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అందుకే బెంగళూరులో మా వైపు లేఅవుట్లలో ఈ ఆట ఇంత తొందరగా పాకింది. కొత్తగా స్థలం అక్కర్లేదు, నెట్ కిందికి దించితే చాలు. ఒక్క చిక్కుంది. నెట్‌కి రెండు వైపులా ఏడేసి అడుగుల జాగాని కిచెన్ అంటారు, అందులో నిలబడి బంతిని నేల తగలకముందే కొట్టకూడదు. (ఆడవాళ్లని కిచెన్‌లో నిలబడొద్దనే చోటు ప్రపంచంలో ఇదొక్కటేనేమో.) బ్యాడ్మింటన్ గీత మాత్రం నెట్ నుంచి ఆరున్నర అడుగుల దగ్గరే ఉంటుంది. కాబట్టి మేము అర అడుగు వెనక పసుపు టేప్ అంటించుకుంటాం. పాత తెల్ల గీత అట్లే ఉంటుంది. కొత్తవాళ్లు తెల్ల గీత చూసి నిలబడతారు, కాలు కిచెన్‌లో ఉంటుంది, పాయింటు పోతుంది.

అమ్మకి ఆ రోజు నాలుగు పాయింట్లు అట్లాగే పోయాయి. ఆట అయ్యాక నా పుస్తకం చూసి, "అయ్యో, అంతా గీత దగ్గరేనా? ఇప్పుడు తెలిసింది" అంది. తెలిసింది సరే, దాన్ని వాడుకోడానికి ఇంకో ఆట ఏది? నాకౌట్ మీద నా కోపం ఇదే. గెలిచేవాళ్లకి అది ఇంకో ఆట ఇస్తుంది. అవసరం ఉన్నవాళ్లని ఇంటికి పంపిస్తుంది.

లెక్క చూద్దాం. పోయిన ఏడాది ఆడవాళ్ల డబుల్స్‌లో 8 జట్లు, మగవాళ్లలో 16. మొత్తం 48 మంది. నాకౌట్‌లో మొదటి రౌండ్ అయ్యేసరికి సగం జట్లు బయటికి పోతాయి కదా. అంటే 24 మంది ఫీజు కట్టి, టీషర్టు తీసుకుని, ఒక్క ఆట ఆడారు. ఆ ఫీజూ గెలిచినవాళ్ల ఫీజూ ఒకటే. ఫైనల్‌కి వెళ్లిన మగవాళ్ల జట్లు అదే డబ్బుకి నాలుగేసి ఆటలు ఆడాయి. నేనైతే దీన్ని సగం మంది చందాలతో మిగతా సగం మందికి పెట్టిన భోజనం అంటాను.

మా క్లబ్‌లో నేను పెద్ద పదవిలో ఏమీ లేను. హాజరు పుస్తకం, బంతుల డబ్బు, స్కోరు, ఈ మూడూ నా దగ్గరుంటాయి. బంతి పగిలినప్పుడల్లా చందా అడిగేది నేనే, అందుకని కొందరు నన్ను చూస్తే దారి మార్చుకుంటారు. ఎదురింటివాళ్లు చప్పుడని ఫిర్యాదు చేస్తే వెళ్లి సర్దిచెప్పేది కూడా నేనే. ఆ ప్లాస్టిక్ బంతి టప్ టప్ అని మోగేది నిజమే, అందుకే ఇప్పుడు ఆదివారాలు ఏడుకి ముందు ఆడం. ఆ హాజరు పుస్తకం చూసే ఈ మాట చెప్తున్నాను. మొదటి రౌండ్‌లో ఓడిన ఎనిమిదిమంది ఆడవాళ్లలో ఐదుగురు తర్వాతి నెలంతా కోర్టుకి రాలేదు. ఒకరు ఇల్లు మారారు, ఆమెని లెక్కలోంచి తీసేద్దాం. మిగతా నలుగురిలో అమ్మ పార్ట్‌నర్ మా పక్కింటి ఆంటీ ఒకరు. టోర్నమెంటు కోసం నాలుగు నెలలు ఇద్దరూ కలిసి పొద్దున్నే ప్రాక్టీస్ చేశారు. డబుల్స్‌లో సర్వీస్ ముందు మూడు అంకెలు చెప్పాలి, మన స్కోరు, వాళ్ల స్కోరు, ఎన్నో సర్వరో. అమ్మ "సున్నా, సున్నా, రెండు" అని మొదలుపెట్టేది, ఆంటీ "సొన్నె, సొన్నె, ఎరడు" అనేది. ఇంట్లో నాన్నతో కన్నడ, అమ్మతో తెలుగు మాట్లాడే నాకు అది భలే ఇష్టంగా ఉండేది. ఆంటీ బ్యాట్ ఇప్పుడు వాళ్ల షూ ర్యాక్ పైన ఉంది. ఎందుకు రావట్లేదంటే, "బేడ పుట్టి, నమగెల్ల అదు" అంటారు. వద్దు తల్లీ, అది మన కోసం కాదు అని. పన్నెండు నిమిషాల్లో ఆమెకి తెలిసింది అదొక్కటే.

ఈ సంవత్సరం మీటింగ్‌లో నేను లీగ్ పెడదామన్నాను. నాలుగేసి జట్లని ఒక గుంపు చేసి, గుంపులో ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడాలి. ఎవరైనా సరే కనీసం మూడు ఆటలు ఆడతారు. వెంటనే ఒక అంకుల్, "ఒక్క కోర్టు పెట్టుకుని ఎన్ని మ్యాచ్‌లమ్మా? తెల్లారుతుంది" అన్నారు. నిజంగానే కష్టమైన ప్రశ్న అది. ఈ ఆటలో సర్వీస్ చేసే వైపుకే పాయింటు వస్తుంది కాబట్టి 11 దాకా ఆట ఎంతసేపు పడుతుందో చెప్పలేం, మధ్యలో మారే టైముతో కలిపి ఇరవై నిమిషాలు వేసుకోవాలి. నాకౌట్‌లో అన్నీ కలిపి 22 ఆటలు, ఏడు గంటల ఇరవై నిమిషాలు, ఆదివారం సరిపోతుంది. లీగ్‌లో ఆడవాళ్ల రెండు గుంపులకి 12, మగవాళ్ల నాలుగు గుంపులకి 24, సెమీస్ ఫైనల్స్ ఆరు, మొత్తం 42. పద్నాలుగు గంటలు!

కానీ అంతా ఒక్క ఆదివారమే ఎందుకు ఆడాలి? లీగ్ ఆటలు 36. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లైట్లు వేస్తే రోజుకి తొమ్మిది ఆటలు. నాలుగు సాయంత్రాలు. ఆదివారానికి ఆరు ఆటలు మిగులుతాయి, కావాలంటే ఫైనల్‌ని మూడు గేముల్లో పెట్టుకోవచ్చు, బ్యానరూ ముఖ్య అతిథీ అన్నీ ఉంటాయి. దీనికి వచ్చిన జవాబు, "అట్లయితే పండగలా ఉండదు." నాకు నవ్వొచ్చింది. పోయినసారి పండగ ఎవరికి? పదిన్నరకల్లా ఓడిపోయి కుర్చీలు సర్దినవాళ్లకి కాదు కదా.

ఇంకొకాయన, ఓడినా మళ్లీ ఆడనిస్తే సీరియస్‌నెస్ పోతుందన్నారు. బెంగళూరులో ఉండి ఆ మాట అనకూడదు. 2024 ఐపీఎల్‌లో మన ఆర్‌సీబీ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఏడు ఓడిపోయింది. తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. నాకౌట్ అయ్యుంటే మార్చిలోనే పెట్టె సర్దేది, ఎందుకంటే మొదటి మ్యాచే ఓడిపోయింది. టీవీ ముందు కూర్చుని కోహ్లీకి పద్నాలుగు మ్యాచ్‌లు కావాలంటాం, మన అమ్మలకి ఒకటి చాలంటాం!

లీగ్‌లో తిప్పలు లేవని నేను అనను. మూడు జట్లు రెండేసి గెలిస్తే పాయింట్ల తేడా లెక్క కట్టాలి, అక్కడ గొడవలవుతాయి. మొదటి రెండూ ఓడినవాళ్లు మూడో ఆటకి రాకపోవచ్చు, అవతలివాళ్లకి ఊరికే గెలుపు వస్తుంది, పక్క జట్టు మండిపడుతుంది. బాగా ఆడేవాళ్లకి కొత్తవాళ్లతో ఆడటం విసుగు. ఇంట్లో వంట, పిల్లల చదువు వదిలి సాయంత్రాలు రాగలమా అని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లే అడిగారు, ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎవరికి ఏ రోజు కుదురుతుందో ముందే అడిగి రాసుకుంటున్నాను, అంతే.

చివరికి కమిటీ సగం ఒప్పుకుంది. ఆడవాళ్లకి లీగ్, మగవాళ్లకి మామూలుగా నాకౌట్. "ముందు మీదాంట్లో చేసి చూడండి, బాగుంటే మాకూ పెడదాం" అన్నారు. పన్నెండు ఆటలకి రెండు సాయంత్రాలు చాలు. ప్రయోగం మా మీదా అని మొదట ఒళ్లు మండింది, కానీ తీసుకున్నాను. మగవాళ్లలో మొదటి రౌండ్‌లోనే పోయే పదహారు మంది మా మ్యాచ్‌లు చూస్తూ కూర్చుంటారు, వచ్చే ఏడాది వాళ్లే అడుగుతారని నా ఆశ. కాఫీ టేబుల్ గురించి కూడా రాయించాను. ఆ రోజు ఆడేవాళ్లెవరినీ, ఓడినా సరే, అక్కడ నిలబెట్టకూడదని. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, అయితే కాఫీ ఎవరు పోస్తారో కూడా ఎవరూ చెప్పలేదు.

జట్ల పేర్లు శనివారం దాకా తీసుకుంటున్నాం. ఇప్పటికి ఏడు వచ్చాయి. పక్కింటి ఆంటీకి షెడ్యూల్ కాగితం ఇచ్చి వచ్చాను. వాళ్ల పేరుకి ఎదురుగా మూడు తేదీ గడులు ఉన్నాయి. చాలాసేపు చూసి ఫ్రిజ్ మీద పెట్టారు. ఇంకా ఏమీ చెప్పలేదు.