'బాగుంది' అంటే సరిపోతుందా?

మన తరగతుల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. స్నేహితుడు ఏదైనా రాసి చూపిస్తే రెండే జవాబులు: "బాగుందిరా", లేకపోతే "ఇదేం రాతరా!" మొదటిది మొహమాటం, రెండోది గొప్ప చూపించుకోవడం. రాసినవాడికి రెండింటివల్లా ఒరిగేదేమీ లేదు. దిద్దడమనేది వేరే పని.

ఈమధ్య మిత్రుడొకడు తెలుగు వికీపీడియా కోసం "మా భూమి" నాటకం మీద వ్యాసం రాసి, చిత్తుప్రతిని మా ముగ్గురికి చదవమని ఇచ్చాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన నాటకం అది. తెలంగాణ రైతుల పోరాటమే దాని కథ. ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మావాడి మొదటి వాక్యంలో ఇవేవీ లేవు. "అజరామరమైన, అత్యద్భుతమైన మహానాటకం" అని ఉంది. రెండో పేరాలో దర్శకుడు గౌతమ్ ఘోష్ అని ఉంది! ఆయన తీసింది 1979 నాటి సినిమా. దాని నిర్మాత బి. నర్సింగరావు, ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. పేరొక్కటే గాని నాటకం వేరు, సినిమా వేరు. నాకంటే ముందు చదివిన ఇద్దరూ "సూపర్" అని తిరిగిచ్చేశారు.

వరిమళ్లో ఊద మొలిస్తే గట్టు మీద నిలబడి చూసేవాడికి అంతా పచ్చగానే కనిపిస్తుంది. నడుం వంచి ఆకు మొదలు చూస్తేనే తేడా తెలుస్తుంది: వరికి అక్కడ పల్చని పొర ఉంటుంది, ఊదకు ఉండదు. చిత్తుప్రతి చదవడమూ అలాంటిదే. సినిమా కలుపని నా ఉద్దేశం కాదు. ఆ మడి దానిది కాదు, అంతే.

ఇక విశేషణాల సంగతి. మాది వ్యవసాయ కుటుంబం. ఆ నాటకం మీద నాకూ అభిమానం ఉంది. అయినా విజ్ఞాన సర్వస్వంలో మన అభిమానానికి చోటు లేదు. "అత్యద్భుతం" అన్న మాట ఎవరైనా అంటారు, దేని గురించైనా అంటారు. "ప్రభుత్వం నిషేధించింది" అన్న మాట, దానికో ఆధారం చాలు. నాటకం బలమెంతో పాఠకుడే తెలుసుకుంటాడు.

అలాగని ఎర్రసిరాతో కొట్టేసి మనమే తిరగరాస్తే అది వాడి వ్యాసం కాకుండా పోతుంది. అడగవలసినవి అడగాలి. ఇది నీకెలా తెలిసింది? ఏ పుస్తకంలో ఉంది? ఎవరు ఆడారు? కథ నాలుగు పేజీలు చెప్పావు, నిషేధానికి నాలుగు వాక్యాలైనా వద్దా? బాగున్న చోట ఎందుకు బాగుందో కూడా చెప్పాలి. ఆధారం వెతుక్కునే పని మాత్రం రాసినవాడికే వదలాలి.

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న అద్దాల మేడల్లో ఏం చేస్తున్నారు? ఒకరు రాసిన ప్రోగ్రాం ఇంకొకరు వరసవరసా చదివి ఒప్పుకున్నాకే ముందుకు పంపే పద్ధతి అక్కడ ఉంది. దాన్నెవరూ అవమానం అనుకోరు. కంపెనీ సరుకుకు ఉన్నపాటి జాగ్రత్త మన నాటకానికి అక్కర్లేదా?

ఇదంతా ఒక వ్యాసం గొడవే కదా అని కొట్టిపారేయకండి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అందులో పడ్డ తప్పును రేపు ఇంకొకడు ఎత్తిరాస్తాడు. యంత్రాలు కూడా దాన్నే చదివి, దాన్నే అప్పజెబుతాయి. పాసుపుస్తకంలో పేరు ఒక్క అక్షరం తప్పుపడితే మా నాయన రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాగితం మీద తప్పు నిజమై కూర్చుంటే దాన్ని లేపడం ఎంత కష్టమో రైతుబిడ్డకు ఒకరు చెప్పాలా? భూమి కోసం పోరాడినవాళ్ల నాటకానికి ఆ గతి పట్టకూడదు.

మిత్రులారా, ఈసారి ఎవరైనా చిత్తుప్రతి చేతికిస్తే పెన్సిలు పట్టుకుని కూర్చోండి. వీలైతే లైబ్రరీలో ఆ నాటకం కూడా అడిగి తీసుకోండి.