ఇంటి సర్వర్‌కు చిరునామా ఎందుకు తీసేశారు? ట్రాయ్‌కు బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,

ఇంట్లోని సర్వర్‌కు ఊరి బయటి నుంచి ఫైళ్లు భద్రంగా పంపాలన్నా, తెచ్చుకోవాలన్నా రెండు కావాలి. ఒకటి, ఎస్ఎస్‌హెచ్ మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీ సరిగా అమర్చిన కంప్యూటర్. రెండోది, బయటివాళ్లు చేరుకోగల ఐపీ చిరునామా. మొదటిది ఎవరి ఇంట్లో వాళ్లు పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. రెండోది కనెక్షన్ ఇచ్చే కంపెనీ దయ. ఇల్లందులో ఒక ఫైబర్ కంపెనీ ఇటీవల ఆ రెండోదాన్ని మాట మాత్రం చెప్పకుండా తీసేసింది.

గుండాల, టేకులపల్లి వైపు అడవి పల్లెల్లో పెళ్లి వీడియోలు తీసేవారికి ఇది బతుకుతెరువు సంగతి. ఒక్కో పెళ్లికి వందల జీబీలు. ఎడిటింగ్ ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుంది. ఇంటి సర్వర్ లేకపోతే హార్డ్ డిస్క్‌ను ఆర్టీసీ కార్గోలో పంపి, అది చేరేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి.

ఫైళ్ల బదిలీకి ఎఫ్‌టీపీ పద్ధతిని 1971లో రాసింది ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్. అందులో పాస్‌వర్డ్, ఫైలు రెండూ బాహాటంగానే ప్రయాణిస్తాయి. దారిలో పాస్‌వర్డ్‌లు దొంగిలించే దాడి తన విశ్వవిద్యాలయంలోనే జరగడంతో 1995లో ఫిన్లాండ్‌కు చెందిన తాతు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ తయారుచేశారు. 1999లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ఉచితం, ఇప్పుడు దాదాపు ప్రతి లినక్స్‌లోనూ దొరుకుతుంది.

ఎస్ఎఫ్‌టీపీ అమరికలో తొందర పనికిరాదు. ఫైళ్లు పంపేవారి కోసం వేరే యూజర్‌ను సృష్టించి, అతనికి ఎస్ఎఫ్‌టీపీ తప్ప కమాండ్లు నడిపే వీలు లేకుండా చేయాలి. అతను తన ఫోల్డర్ దాటి పైకి పోకుండా ‘క్రూట్’ కట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే: ఆ పై ఫోల్డర్ రూట్ (నిర్వాహకుడి) పేరిటే ఉండాలి, మరెవరికీ అందులో రాసే అనుమతి ఉండకూడదు. లేదంటే లాగిన్ అయిన మరుక్షణమే కనెక్షన్ తెగిపోతుంది. ఫైళ్లు వేయడానికి లోపల మరో ఫోల్డర్ ఇస్తే సరి. పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా మూసి, కీ జత మాత్రమే ఉంచాలి. మొదటిసారి కలిసేటప్పుడు తెర మీద కనిపించే సర్వర్ కీ గుర్తును ఫోన్‌లో అక్షరం అక్షరం చదివించుకుని సరిచూసుకోవాలి. ఎవరో మధ్యలో దూరితే తెలిసేది అప్పుడే. పోర్టు 22 బదులు వేరే నంబరు పెడితే లాగ్‌లో చెత్త తగ్గుతుందే తప్ప భద్రత పెరగదు.

ఇంత జాగ్రత్తగా చేసుకున్న సర్వర్ ఒక ఉదయం బయటికి కనిపించకుండా పోయింది. పోర్టు ఫార్వర్డింగ్ పెట్టినది పెట్టినట్టే ఉంది. రౌటర్ పేజీలో వ్యాన్ (బయటి వైపు) చిరునామా మాత్రం 100.64తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఆ వరుసను 2012లో కంపెనీల లోపలి వాడకానికే కేటాయించారు. అంటే వందల ఇళ్లకు ఒకే బయటి చిరునామా పంచారు. వీధి మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఇస్తే పోస్ట్‌మన్ ఏ గుమ్మం ఎక్కాలి?

ఐపీవీ4 చిరునామాలు సుమారు 430 కోట్లే, అవి నిండుకున్నాయన్నది నిజమే. దానికి మందు ఐపీవీ6 అని టెలికాం శాఖ 2010లోనే ప్రణాళిక ప్రకటించింది, 2013లో మరొకటి తెచ్చింది. మరి ఆ కంపెనీ ఇచ్చిన రౌటర్ ఐపీవీ6లో కూడా బయటి నుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంటే, అడ్డు తీసే పాస్‌వర్డ్ వినియోగదారుడికి ఇవ్వనంటుంటే ఎవరితో చెప్పుకోవాలి? కస్టమర్ కేర్ నుంచి వచ్చే జవాబు ‘నెట్ వస్తోంది కదండీ’. స్టాటిక్ ఐపీ కావాలంటే వ్యాపార ప్లాన్ తీసుకోమంటారు. బయట ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, వైర్‌గార్డ్ సొరంగం వేసి ఇంటి దాకా తెచ్చుకోవచ్చు, పని అవుతుంది. కానీ నెల నెలా అద్దె ఎవరు కట్టాలి? సొంత ఇంట్లోని ఫైలును అందుకోవడానికి మూడో కంపెనీకి ఎందుకు మొక్కాలి?

ఫిర్యాదు ఇదొక్కటే కాదు. 2023లో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని టెలికాం శాఖ నిర్వచించింది. అది డౌన్‌లోడ్ వేగం. అప్‌లోడ్ మాటేమిటి? ఇల్లందు నుంచి బయటికి పంపాల్సినవి ఏమీ ఉండవనుకున్నారా? ఈ బొగ్గుట్ట నుంచి 1880ల చివర మొదలుపెట్టి తరతరాలుగా బొగ్గు బయటికి పోతూనే ఉంది. పెళ్లి వీడియో పోవడానికే అడ్డమా? 2016లో డేటా ధరల్లో వివక్షను నిషేధించి దేశమంతా మెప్పు పొందిన సంస్థకు, వినియోగదారుల్ని కేవలం చూసేవాళ్లుగా మిగిల్చే ఈ వివక్ష కనిపించడం లేదా? చిరునామా మార్చేముందు చెప్పాలన్న నియమం లేదా? ఉంటే ఎందుకు అమలు కావడం లేదు? ప్లాన్ కాగితంలో వేగం, ధర రాసినట్టే ‘పంచుకున్న చిరునామా’ అని ఒక్క ముక్క రాయడానికి ఏం అడ్డు?

ఈ విషయంలో సంస్థ ఏదో ఒక అడుగు వేయాలని, కనీసం కంపెనీలను అడగాలని కోరుతూ,

ఇల్లందు నుంచి ఒక బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారు